హీటర్ వేడి పెంచితే పైపు జాయింట్ గట్టిపడుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది కదండీ: పీపీఆర్ (పాలీప్రొపిలీన్ నీళ్ళ పైపు) అతికించే హీటర్ మెషీన్ తెచ్చుకుని 25 ఎంఎం పైపులు మీరే అతికించుకున్నారు, నీళ్ళు వదిలితే కొన్ని జాయింట్ల దగ్గర చెమ్మ ఊరుతోంది. అందుకని హీటర్‌ని 260 డిగ్రీల నుంచి 300కి పెంచి ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకుంటే గట్టిగా అతుక్కుంటుందా, ఇప్పుడు కారుతున్నవాటి మీద పైనుంచి హీట్ గన్ కొట్టి సీల్ చేసెయ్యొచ్చా, పనిలో పనిగా పాత పీవీసీ పైపుకి పడ్డ చీలికని కూడా అలాగే వేడితో పూడ్చొచ్చా అని.

మూడింటికీ వద్దనే చెప్తాను. మెషీన్ 260 దగ్గరే ఉంచండి, 25 ఎంఎంకి 7 సెకన్లు చాలు. కారుతున్న జాయింట్ కోసి పారేసి కొత్తది వెయ్యడమే, దానికి అడ్డదారి లేదు. పీవీసీ ప్రెజర్ పైపుకి హీట్ గన్ అసలు పనికిరాదు. పీపీఆర్, హెచ్‌డీపీఈ (పాలిథీన్) పైపుల పని చేస్తూ, చేయిస్తూ చాలా ఏళ్ళుగా ఉన్నాను, నేను కోసి చూసిన చెడిపోయిన జాయింట్లలో వేడి తక్కువై పోయినవి ఉన్నాయి గానీ ఎక్కువ శాతం పైపుని హీటర్ మీదకి ఎక్కించక ముందు చేసిన బద్ధకం వల్లో, హీటర్ నుంచి తీశాక చూపించిన తొందర వల్లో పోయినవే.

ఎందుకో చెప్తాను. ఇక్కడ జిగురు ఏమీ లేదు. వేడికి పైపు బయటి పొర, ఫిట్టింగ్ లోపలి పొర కరిగి, ఒకదాన్ని ఇంకొకదాంట్లోకి నొక్కినప్పుడు ప్లాస్టిక్‌లో ఉండే పొడుగాటి అణువుల గొలుసులు ఇటువి అటు, అటువి ఇటు చొరబడతాయి, చల్లారేటప్పుడు అలాగే చిక్కుకుని గట్టిపడతాయి. సరిగ్గా కుదిరితే ఆ తర్వాత అక్కడ రెండు వస్తువులు లేనట్టే. దీనికి మూడు కావాలి: రెండు వైపులా ఒకే రకం ప్లాస్టిక్, రెండు వైపులా శుభ్రంగా కరిగిన పొర, చల్లారేదాకా కదలకుండా కాస్త ఒత్తిడి. ఈ మూడిట్లో ఏది తగ్గినా మిగతావాటిని పెంచి సరిచెయ్యలేం.

పీపీఆర్ కరిగేది 140 డిగ్రీల పైచిలుకులోనే, మరి హీటర్ 260 ఎందుకు అని మీకు డౌట్ రావచ్చు. ప్లాస్టిక్‌లో వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది, ఆ ఏడు సెకన్లలోనే పైపొర బాగా కరగాలి, డై (పైపు, ఫిట్టింగ్ తొడిగే హీటర్ అచ్చు) మీంచి లాగి ఫిట్టింగ్‌లో దూర్చే మూడు నాలుగు సెకన్ల గాలికి కూడా అది ఆరిపోకుండా ఉండాలి, అదే టైంలో పైపు గోడ లోపలి సగం మాత్రం గట్టిగానే ఉండాలి. ఆ లోపలి గట్టిదనమే మీరు నొక్కినప్పుడు ఎదురు నిలబడి కరిగిన పొరల మధ్య ఒత్తిడి పుట్టిస్తుంది. మీరు 300 పెట్టి 15 సెకన్లు పట్టుకుంటే గోడ మొత్తం మెత్తబడిపోతుంది, నొక్కితే ఒత్తిడి పుట్టదు, కరిగింది కరిగినట్టు లోపలికి జారి పైపు రంధ్రంలో రింగులా పేరుకుంటుంది. బయటికి చూస్తే లావుపాటి అందమైన పొంగు, లోపల చిటికెన వేలు కూడా దూరని సందు. అలాంటి ఇళ్ళల్లో వాళ్ళు ముందు కంప్లైంట్ చేసేది లీకేజీ గురించి కాదు, నీళ్ళ ఫోర్స్ రావట్లేదని, మోటార్ మార్చాలా అని అడుగుతారు.

ఇంకోటి, డై మీదుండే టెఫ్లాన్ పూత ఎడతెగకుండా తట్టుకునేది 260 వరకే. దాన్ని దాటించి రోజూ వాడితే పూత పాడై ప్లాస్టిక్ అంటుకోవడం మొదలవుతుంది, అంటుకున్నది మాడి తర్వాతి జాయింట్‌లోకి గోధుమరంగు చారలా పోతుంది. దాన్ని స్టీల్ పీచుతోనో చాకుతోనో గీకితే పూత పూర్తిగా పోయినట్టే. వేడిగా ఉన్నప్పుడే పొడి కాటన్ గుడ్డతో తుడవండి, పాలిస్టర్ కలిసిన గుడ్డ అయితే అదే కరిగి అంటుకుంటుంది.

సెకన్ల లెక్క విషయానికొస్తే, జర్మనీ వెల్డింగ్ సంఘం డీవీఎస్ వాళ్ళ 2207 మార్గదర్శకాల నుంచి వచ్చిన పట్టికనే చాలా పైపు కంపెనీలు ఇస్తాయి. వేడి చేసే టైం 20 ఎంఎంకి 5 సెకన్లు, 25కి 7, 32కి 8, 40కి 12, 50కి 18, 63కి 24. హీటర్ నుంచి తీసి దూర్చడానికి మీకున్న టైం చిన్న సైజులకి 4 సెకన్లు, 32 నుంచి 50 దాకా 6, 63కి 8. చల్లారడానికి 20, 25లకి 2 నిమిషాలు, 32 నుంచి 50 దాకా 4, 63కి 6. మీ పైపుతో వచ్చిన కాగితంలో వేరేగా ఉంటే దాన్నే నమ్మండి. చలి 5 డిగ్రీల కంటే తగ్గిన చోట్ల వేడి చేసే టైం సగం పెంచమంటారు. టెంపరేచర్ ఎప్పుడూ పెంచరు, టైమే పెంచుతారు, ఇది గమనించండి.

ఈ సెకన్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో చాలామందికి తెలీదు. పైపు డైకి తగిలినప్పటి నుంచి కాదు, పైపు, ఫిట్టింగ్ రెండూ గుర్తు దాకా పూర్తిగా దూరిన తర్వాత నుంచి. ఫిట్టింగ్ గోడ మందంగా ఉంటుంది, డై మీదకి కొంచెం బిగువుగా ఎక్కుతుంది, కాబట్టి దాన్ని ముందు మొదలుపెట్టి పైపుని ఆ వెంటనే నొక్కితే రెండూ ఒకేసారి చివరికి చేరతాయి. గుర్తు అన్నాను కదా, అది పెన్సిల్‌తో మీరే పెట్టుకోవాలి: ఫిట్టింగ్ సాకెట్ లోతు కొలిచి ఒక ఎంఎం తగ్గించి పైపు మీద గీయండి. ఆ గీత లేకుండా చేసేవాళ్ళు ఒక జాయింట్ తక్కువ దూరుస్తారు, ఇంకోటి అడుగుకి గుద్ది లోపల మూసేస్తారు.

తిప్పకండి. ఇది బోల్డ్‌లో పెట్టాల్సిన మాట: పీపీఆర్‌ని డై మీదకి ఎక్కించేటప్పుడూ, ఫిట్టింగ్‌లో దూర్చేటప్పుడూ మెలితిప్పకూడదు, నిటారుగా నొక్కడమే. పీవీసీకి సొల్యూషన్ రాసి పావు చుట్టు తిప్పడం సరైన పద్ధతి, ఆ చెయ్యి అలవాటు అలాగే ఇక్కడికి వచ్చేస్తుంది. కరిగిన పొరని తిప్పితే అది ఒకచోట గీసుకుపోయి ఇంకోచోట పోగవుతుంది, గీసుకుపోయిన చోటే తర్వాత చెమ్మ ఊరేది. ఎల్బో వంకరగా కూర్చుంటే మొదటి రెండు మూడు సెకన్లలో ఏదో కాస్త సర్దుకోవచ్చు, ఆ తర్వాత వంకర వంకరగానే ఉండనివ్వండి లేదా కోసెయ్యండి.

మీ సమస్యకి అన్నిటికంటే దగ్గరగా ఉందనిపించిన ఒక కేసు చెప్తాను. ఒక బిల్డింగ్‌లో ప్రెజర్ పెడితే కారినవన్నీ స్లాబ్ కింద పైకెత్తి చేసిన జాయింట్లే, కింద నేల మీద కూర్చుని చేసినవి ఒక్కటీ కారలేదు. అదే మనిషి, అదే మెషీన్, అదే పైపు. అతను పని చేస్తుంటే నిలబడి చూశాను. పైకెత్తి దూర్చాక పట్టుమని పది సెకన్లు పట్టుకుని వదిలేసేవాడు, ఇంకా క్లాంప్ వెయ్యని పొడుగాటి పైపు బరువుకి అవతలి కొస కిందికి వాలేది. పైన ఉన్న పొంగు చల్లారినట్టు కనిపించినా లోపల పొర ఇంకా మెత్తగానే ఉంటుంది, అందుకే వాలిన పక్కన వెంట్రుకంత సందు తెరుచుకుంటుంది. తర్వాత రోజు నుంచి కుదిరినన్ని జాయింట్లు నేల మీదే చేయించి, పైకి వెళ్ళేవాటికి ముందు క్లాంపులు కొట్టించాను, అంతే, మెషీన్ జోలికే పోలేదు. కాబట్టి మీరు ముందు చూడాల్సింది ఏవి కారుతున్నాయని కాదు, కారుతున్నవన్నీ ఎలాంటి చోట్ల ఉన్నాయని.

అలాగే త్వరగా చల్లారాలని తడిగుడ్డ చుట్టడం, నీళ్ళు చల్లడం చెయ్యకండి. బయటి పొర ముందు బిగుసుకుపోయి లోపలిది తర్వాత ముడుచుకుంటుంది, ఆ లాగుడు జాయింట్‌లో ఉండిపోతుంది.

మిగతా కారణాలు గబగబా చెప్పేస్తా. పైపు ఏటవాలుగా కొయ్యడం, హాక్సాతో కోసి ఆ రజను తుడవకుండా వేడి చెయ్యడం, చెమట చేతులతోనో నూనె చేతులతోనో కొస పట్టుకోవడం. పాత లైన్‌కి కలిపేటప్పుడు వాల్వ్ సరిగ్గా మూసుకోక సన్నగా నీళ్ళు జారుతూ ఉండటం, దీంతో కరిగిన పొరలో ఆవిరి బుడగలు పుడతాయి, ఒక్క చుక్క చాలు జాయింట్ పోవడానికి. పొడుగాటి సన్న ఎక్స్‌టెన్షన్ వైరు పెడితే వోల్టేజ్ పడిపోయి, వరసగా జాయింట్లు చేసేకొద్దీ డై చల్లబడుతుంది, లైటు మళ్ళీ రెడీ అని చూపించేదాకా ఆగితే గొడవ లేదు, ఎవరాగుతారు. డై టెంపరేచర్ చూద్దామని లేజర్ థర్మామీటర్ గన్ పెడితే మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, తగిలించి చూసే థర్మామీటర్ కావాలి.

పైపు రకం కూడా ఒకసారి చూసుకోండి. బయట అల్యూమినియం పొర ఉన్న పీపీఆర్ అయితే దాని గీకుడు కట్టర్‌తో ఆ పొర పూర్తిగా చెక్కేశాకే వేడి చెయ్యాలి. మధ్యలో గ్లాస్ ఫైబర్ ఉన్నదానికి చెక్కే పని లేదు. ఇంకా పెక్స్ (క్రాస్‌లింక్ చేసిన పాలిథీన్) పైపు తెచ్చి ఇదే మెషీన్ మీద పెట్టేవాళ్ళున్నారు, దాంట్లో అణువుల గొలుసులు ఒకదానికొకటి ముందే కట్టేసి ఉంటాయి, మామూలు ప్లాస్టిక్‌లా కరిగి కలవదు, దానికి క్రింప్ లాంటి, వేడి లేకుండా బిగించే ఫిట్టింగులే.

ఒకే రకం ప్లాస్టిక్ కావాలన్నాను కదా, దాన్ని నమ్మాలంటే ఒక చిన్న పని చెయ్యండి. హెచ్‌డీపీఈ ముక్కని పీపీఆర్ ఫిట్టింగ్‌కి ఇదే మెషీన్‌తో అతికించండి. పొంగు వస్తుంది, చక్కగా అతుక్కున్నట్టే ఉంటుంది. పూర్తిగా చల్లారాక బలంగా మెలితిప్పి లాగితే ఊడొస్తుంది, రెండు వైపులా నున్నగా ఉంటుంది, ఒకదాని పీచు కూడా ఇంకొకదానికి అంటదు. రెండూ కరిగాయి, కలవలేదు. ఏది ఏ ప్లాస్టిక్కో తెలీకపోతే పైపు మీద ప్రింట్ చూడండి, అది చెరిగిపోతే చిన్న ముక్క నీళ్ళలో వెయ్యండి: పీపీ (పీపీఆర్ ఈ రకమే), పీఈ (హెచ్‌డీపీఈ ఈ రకమే) తేలతాయి, పీవీసీ మునుగుతుంది.

ఇప్పుడు హీట్ గన్ సంగతి. కారే జాయింట్ మీద పైనుంచి వేడి కొడితే మీకు కావాల్సిన చోటికి, అంటే పైపుకీ ఫిట్టింగ్‌కీ మధ్యనున్న పొరకి, వేడి చేరేసరికి ఫిట్టింగ్ బయటి గోడ మాడి జారిపోతుంది. చేరినా అక్కడ నొక్కేవాళ్ళు లేరు, లోపల తడి ఉండనే ఉంది. పైన ఒక తొక్కలా మూసుకుని రెండు రోజులు కారడం ఆగుతుంది, దాన్ని చూసి గోడ మూసేస్తారు, అదే ప్రమాదం.

పీవీసీది ఇంకో కథ. 80 డిగ్రీల దగ్గరే అది మెత్తబడిపోతుంది, అందుకే వేడి చేస్తే వంగుతుంది, నొక్కితే అణుగుతుంది, చూసేవాళ్ళకి అతుక్కుంటుందనిపిస్తుంది. కానీ పీపీలా బాగా కరిగి పారేంత వేడి ఇవ్వబోతే అది పాడవడం మొదలై హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది, ముక్కు, గొంతు మండేది అందుకే, తలుపులు మూసిన బాత్రూంలో అస్సలు చెయ్యకండి. వేడి గాలి గన్‌తో పీవీసీ కడ్డీ పెట్టి వెల్డ్ చేసే పని ఉంది, కాదనను, యాసిడ్ ట్యాంకులు, గాలి డక్టులు అలాగే కడతారు, కానీ అది టెంపరేచర్ ఖచ్చితంగా పట్టుకునే గన్, నేర్చిన చెయ్యి ఉన్నవాళ్ళ పని, ప్రెజర్ నీళ్ళ పైపు చీలికకి అది కాదు. చీలిక పడ్డ భాగం రెండు పక్కలా కాస్త మంచి పైపు కలుపుకుని కోసెయ్యండి, కప్లింగులు, కొత్త ముక్క, సాల్వెంట్ సిమెంట్ (పైన చెప్పిన పీవీసీ సొల్యూషనే). సీపీవీసీకి (వేడినీళ్ళకి వాడే పీవీసీ రకం) కూడా ఇంతే, దానికి తగ్గ సిమెంట్ వాడాలి. పైపు కొసని మంట మీద కాల్చి వెడల్పు చేసి ఇంకో పైపు దూర్చేవాళ్ళ గురించి ఏం చెప్పమంటారు, గోడ ఒకపక్క పల్చబడుతుంది, సందు ఒకచోట బిగువు ఒకచోట వదులు, డ్రైనేజీకి ఏదోలా నడుస్తుందేమో గానీ ప్రెజర్‌కి కాదు.

మీ తోట లైన్ నల్ల హెచ్‌డీపీఈ అని రాశారు, అది పెద్ద సైజు అయితే కొసకి కొస అతికించే బట్ వెల్డింగ్ చేస్తారు, దానికి ప్లేట్ 200 నుంచి 220 మధ్య. రెండు కొసల్నీ మెషీన్‌లో బిగించి ఫేసర్‌తో చదును చేస్తారు, ప్లేట్‌కి ఆనించి చుట్టూ సన్నటి పొంగు వచ్చేదాకా నొక్కుతారు, ఆ తర్వాత ఒత్తిడి దాదాపు సున్నాకి తగ్గించి వేడి లోపలికి పట్టనిస్తారు. గోడ మందం ఎంఎంలో ఎంతుంటే దానికి పది రెట్లు సెకన్లు అన్నది మోటు లెక్క. ఆ ఒత్తిడి తగ్గించడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు, నొక్కి పట్టే ఉంచితే కరిగిందంతా బయటికి పోయి మధ్యలో చల్లటి ప్లాస్టిక్ మిగులుతుంది. బయట పని అయితే పైపుల అవతలి కొసలకి మూతలు పెట్టండి, పైపులోంచి గాలి దూసుకొచ్చి ప్లేట్‌నీ, కరిగిన ముఖాన్నీ చల్లార్చేస్తుంది. గోడ 6 ఎంఎం చుట్టుపక్కల ఉంటే చల్లారడానికి కూడా అటూఇటూగా 10 నిమిషాలు బిగింపులోనే వదిలెయ్యాలి.

హెచ్‌డీపీఈకి వాడేది ఎలక్ట్రోఫ్యూజన్ కప్లింగ్ అయితే లోపల తీగ చుట్టి ఉంటుంది, మెషీన్ బార్‌కోడ్ చదివి కరెంట్ ఇస్తుంది, కాబట్టి మనం చేసేదేమీ లేదనుకుంటారు. ఉంది. ఎండకి, గాలికి పాడైన పైపు పైపొరని, సుమారు 0.2 ఎంఎం, స్క్రేపర్‌తో చెక్కాలి. పైపు మీద మార్కర్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి అవి ఒక్కటీ కనపడనంత వరకు చెక్కండి, ఎమరీ పేపర్ రుద్దడం చెక్కడం కింద లెక్క కాదు. చెక్కాక చేత్తో ముట్టకండి. కప్లింగ్ మీద పైకి లేచే చిన్న పుల్లలు లోపల కరిగిందని చెప్తాయి, అతుక్కుందని కాదు.

ఇక మీ కారుతున్న జాయింట్లు. లైన్ మూసి, నీళ్ళు పూర్తిగా దించి, జాయింట్ కోసెయ్యండి. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది: సాకెట్ జాయింట్ వెయ్యాలంటే పైపు రెండు కొసలూ సాకెట్ లోతంత వెనక్కి జరగాలి, గోడలో బిగిసిన పైపు జరగదు. అప్పుడు ఒక వైపు యూనియన్ (విప్పి బిగించుకునే జాయింట్) పెట్టుకోవాలి, యూనియన్ రెండు సగాల్నీ విడివిడిగా వెల్డ్ చేసి చివర్లో స్పానర్‌తో బిగిస్తే సరి. మేకు దిగి రంధ్రం పడ్డ పైపుకైతే రిపేర్ డై, రిపేర్ కడ్డీ దొరుకుతాయి, రంధ్రాన్నీ కడ్డీనీ వేడి చేసి కూర్చోబెట్టడమే, చల్లారాక మిగిలింది కోసెయ్యాలి.

వేడినీళ్ళ లైన్ అయితే ఇంకొకటి. మామూలు పీపీఆర్ మీటరుకి ఒక్కో డిగ్రీకి 0.15 ఎంఎం పెరుగుతుంది, అంటే 10 మీటర్ల పైపు 40 డిగ్రీలు వేడెక్కితే 60 ఎంఎం పొడుగవుతుంది. ఆ పెరుగుదలకి చోటు ఇవ్వకుండా బిగిస్తే బలమంతా ఎల్బోల మీదకి వస్తుంది, టెస్ట్‌లో పాసైన జాయింట్ కూడా కొన్ని నెలలకి కారుతుంది.

ప్రెజర్ టెస్ట్‌ని చివరి జాయింట్ చేసిన గంట తర్వాత పెట్టండి, నీళ్ళతోనే, గాలి పూర్తిగా వదిలాక, పనిచేసే ప్రెజర్‌కి ఒకటిన్నర రెట్లు. మొదట్లో గేజ్ కొంచెం పడుతుంది, పైపు సాగుతుంది కాబట్టి, మళ్ళీ పంపు కొట్టి నిలబెట్టి అప్పుడు చూడాలి. గాలితో టెస్ట్ చెయ్యకండి, పగిలితే ముక్కలు ఎగిరి మనుషులకి తగులుతాయి.

కోసి తీసిన జాయింట్లు పారెయ్యకముందు హాక్సాతో నిలువుగా రెండుగా చీల్చి, కోసిన ముఖాన్ని సన్న ఎమరీ పేపర్ మీద రుద్ది వెలుతురులో పెట్టి చూడండి. మంచి జాయింట్‌లో పైపు ఎక్కడ అయిపోయిందో, ఫిట్టింగ్ ఎక్కడ మొదలైందో గోరు పెట్టి వెతికినా దొరకదు. ఒకపక్కే సన్నటి గీత ఉంటే చల్లారేటప్పుడు కదిలింది, లేదా వంకరగా దూర్చారు. చిన్న చిన్న గుంటలు కనబడితే లోపల తడి ఉంది. రెండు పక్కలా గీత స్పష్టంగా కనబడితే వేడి చాల్లేదు, డై లైటు రాకముందే పెట్టారన్నమాట, అలా వస్తే మాత్రం ఆ రోజు అదే వరసలో చేసిన మిగతా జాయింట్లు ఇప్పుడు కారకపోయినా నమ్మకండి, వాటిల్లో ఒకటి రెండు కూడా కోసి చూసేదాకా గోడ మూయించకండి.